అదే తింటది

నాకు వాదనలో ఓడిపోవడం చేతకాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని ఇప్పుడు తెలుసు. అప్పట్లో గొప్పగానే చెప్పుకునేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నేను. మా అమ్మ శంకరమ్మ నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఆమె పట్టిన కుందేలుకు అసలు కాళ్లే ఉండవు. ఇలాంటి ఇద్దరి మధ్య నా కూతురికి ఆరో నెల నిండింది. దానికి తిండి ఎలా మొదలుపెట్టాలన్న మాట దగ్గర ఇల్లు రెండు ముక్కలైంది.

మాది శామీర్‌పేట. మా నాయిన బాలమల్లు చెరువులో చేపలు పడతాడు. నాకు పడవెక్కితే కళ్లు తిరుగుతాయి కాబట్టి కారు పట్టాను. 2011లో, కీసర పోయే దారిలో కొత్తగా లేచిన పెద్ద ఇళ్లలో ఒకదాంట్లో, కృష్ణారావు సారు దగ్గర డ్రైవర్‌ని. సారూ మేడమూ కొన్నేళ్లు లండన్‌లో ఉండి వచ్చారు. వాళ్ల బాబు మా పాప కంటే ఎనిమిది రోజులు పెద్ద. పాపకు మన్విత అని నేనే పేరు పెట్టాను. మా అమ్మకు నోరు తిరగక దాన్ని మనవ్వ చేసింది.

పుట్టినప్పుడు మన్విత వెంటనే ఏడవలేదు. నర్సమ్మ వీపు చరిచి, కాళ్లు రుద్ది, ముక్కుకేదో పెట్టాక చాలాసేపటికి మూలిగింది. ఆ తర్వాత ఏడ్చింది కదా అని మేం పేడాలు పంచాం.

ఒకరోజు మేడంనూ బాబునూ మేడ్చల్ తీసుకెళ్తుంటే వెనక సీట్లో వాడు ఉడికించిన క్యారెట్ ముక్కను పిడికిట్లో పట్టుకుని చీకుతున్నాడు. మొహమంతా పూసుకున్నాడు, సీటు కూడా కరాబు చేశాడు. నేను అద్దంలోంచి అదే చూస్తున్నాను.

"ఏంటి సాయినాథ్, అలా చూస్తున్నావు?" అంది మేడం నవ్వుతూ.

"ఇంత చిన్న పిలగాడు ముక్కలు తింటాండు గదా మేడం. గొంతుకు పడదా?"

"మేం చెంచా అసలు ముట్టించం. మెత్తగా రుబ్బి నోట్లో కుక్కడం ఉండదు. ముందు పెడతాం, వాడే తీసుకుని తింటాడు. ఎంత కావాలో పిల్లలకే తెలుసు. మనం చేయాల్సిందల్లా ఆగడమే."

ఆగడం డ్రైవర్‌కు ఒకరు నేర్పాలా! పెళ్లిళ్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, స్టేషన్ దగ్గర ఆగి ఆగి అరిగిపోయినవాణ్ణి. నా కూతురు కూడా అలా పిడికిట్లో ముక్క పట్టుకుని తినాలని నాకు ఆ క్షణమే ఆశ పుట్టింది. పెద్దింటి పిల్లలకు వచ్చేది మా పిల్లకు రాదా అన్న పంతం కూడా ఉంది అందులో, దాచడమెందుకు.

ఆ వారంలోనే అన్నం ముట్టించాం. మన్వితను నా భార్య శైలజ ఒళ్లో కూర్చోబెట్టి, ముందు పీట మీద పుస్తకం, పెన్ను, అమ్మ పుస్తెలతాడు, చేటలో వడ్లు పెట్టారు. పిల్ల దేని మీద చెయ్యి వేస్తే పెద్దయ్యాక దానితోనే బతుకుతుందని మా వాళ్ల నమ్మకం. మా నాయిన ఊరుకుంటాడా, పాత వల ముక్కొకటి తెచ్చి పీట మీద పరిచాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. పిల్ల దేని వైపూ చెయ్యి చాపలేదు. ఎంతసేపటికీ చాపలేదు. అమ్మకు తోచక పీటనే దాని చేతుల కిందికి జరిపింది. మన్విత ఉలిక్కిపడి చేతులు విదిలించింది, వల కన్ను ఒకటి దాని బొటనవేలికి చిక్కుకుని వల మొత్తం లేచి వచ్చింది.

"పట్టింది! తాత పనే పట్టింది!" అని నాయిన చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

కొట్టనిది ఒక్కతే, పక్కింటి షహజాది బేగం. మేం షహజాదమ్మ అని పిలుస్తాం. ఆరుగురు పిల్లల్నీ పదిమంది మనవల్నీ పెంచిన మనిషి. ఆమె ముందుకు వచ్చి పాప వేలిని వలలోంచి మెల్లగా విడిపించింది. తన వేలు దాని అరచేతిలో పెట్టి చూసింది.

"సాయీ బేటా, బురా మాన్కు, ఏమనుకోకు. పిల్ల బొటనవేలు లోపలికే మడిసి పెట్టుకుంటాంది. మెడ గూడ ఇంక నిలుస్తలేదు. ఒక్కసారి మంచి డాక్టర్‌కు జూపియ్యి," అంది.

అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "శుభం పలుకమంటే గిదేం మాట షహజాదమ్మా? బంగారమసొంటి పిల్లను నలుగుట్ల నిలబెట్టి వంకలు వెడ్తవా?" అంది. షహజాదమ్మ పాప తల నిమిరి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. అమ్మా నేనూ కలిసి ఒప్పుకున్న సంగతి ఆ ఏడాదిలో అదొక్కటే, షహజాదమ్మది తప్పని.

మర్నాటి నుంచీ యుద్ధం మొదలైంది. నేను మేడం చెప్పింది చెప్పాను. చెంచా వద్దు, క్యారెట్ ముక్కలు ముందు పెడదాం, పిల్లే తీసుకుంటుంది అన్నాను. అమ్మ తైదల జావ, అంటే రాగి జావ కాచి, పెసరపప్పూ అన్నం గుజ్జుగా పిసికి, బట్టలో వడకట్టి, ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుంది.

"ఆర్నెల్ల పిల్లకు గాజరగడ్డ ముక్కలా? నీకు నెత్తి ఖరాబైందారా సాయిగా?"

"మేడం కొడుకు తింటలేడా? అడగందే అమ్మయినా పెట్టదంటరు. దానికి ఆకలైతే అదే అందుకుంటది."

"అడిగినంక పెట్టెటిది పక్కింటామె రా. అడగక ముందే పెట్టెటిది అమ్మ."

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. "మొన్న వల పట్టింది, నీ కండ్లతోని సూసినవ్. వల పట్టిన చెయ్యి ముక్క పట్టదా?" అని అరిచాను. అమ్మ కూడా అది చూసిందే కాబట్టి ఉగ్గుగిన్నె పక్కన పెట్టింది. గెలిచానని నాకు ఎంత సంతోషమో.

శైలజ మా ఇద్దరి మధ్య నలిగిపోయింది. పొద్దున నేనున్నంతసేపూ నా పద్ధతి. మన్విత చుట్టూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ప్లేట్లో మెత్తగా ఉడికిన ముక్కలు పెట్టి చూసేవాణ్ణి. అది ఒక పక్కకు ఒరిగిపోయేది. ఇంకో దిండు పెట్టేవాణ్ణి. ఇంకో పక్కకు ఒరిగేది. చొంగ కారేది. పిడికిళ్లు విప్పేది కాదు. ప్లేటు చల్లారిపోయేది. "ఆగాలె, తొందరపెట్టొద్దు" అని శైలజకు పాఠం చెప్పి నేను డ్యూటీకి పోయేవాణ్ణి. నేను గేటు దాటగానే అమ్మ ఉగ్గుగిన్నె తీసేది. పిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని, గిన్నె మూతిని పెదాలకు ఆనించి, కొంచెం కొంచెం పోసేది.

అలా పోసిన ప్రతిసారీ మన్వితకు పొలమారేది. దగ్గి దగ్గి ఎర్రబడేది. అమ్మ మాడు మీద తట్టి, "ఎవ్వలో తలుసుకుంటున్నరు నా మనవ్వను" అనేది. మొదట్లో అమ్మమ్మ తలుచుకుంటోందన్నారు. తర్వాత కీసరలో ఉన్న మా మేనత్త. ఆవిడకూ ఫోన్ చేసి, "నువ్వేనా తలుసుకుంది?" అని అడిగి, అవునంటే నవ్వుకున్నారు. పూట పూటకూ పొలమారుతుంటే తలుచుకునేవాళ్లు అయిపోయి, చివరికి చచ్చిపోయిన మా తాతను కూడా లెక్కలోకి తెచ్చారు.

అంగన్‌వాడీలో జంగమ్మ టీచర్ నెలనెలా పిల్లల్ని ఉయ్యాల త్రాసులో వేసి తూచి, రంగుల చార్టులో తూకానికి చుక్క పెట్టేది. మన్విత చుక్క ఆగస్టులో ఆకుపచ్చ రంగులో ఉంది. సెప్టెంబర్‌లో పసుపులోకి దిగింది.

"ఏం వెడ్తున్నరు పిల్లకు? తూకం పెరిగేది పోయి తగ్గింది," అంది జంగమ్మ.

ఆ రోజు ఇంట్లో మళ్లీ రచ్చ. నువ్వు బలవంతంగా పోయబట్టే దానికి తిండి మీద రోత పుట్టిందని నేను. నువ్వు గంటలు గంటలు పస్తులుంచబట్టే చిక్కిపోయిందని అమ్మ. మేం అరుచుకుంటుంటే శైలజ పాపను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు.

"ఎవలు గెలిస్తె నాకేంది? నా బిడ్డ కడుపు నిండాలె. గది జెప్పుండ్రి ముందు," అంది.

సిగ్గేసింది. కానీ సిగ్గు కూడా నన్ను ఆపలేదు. నాకు ఒక ఉపాయం తట్టింది. పాపను మేడం దగ్గరికే తీసుకెళ్తే, ఎలా కూర్చోబెట్టాలో, ముక్క ఎంత ఉండాలో ఆమే చూపిస్తుంది. శైలజ కళ్లారా చూస్తుంది, వచ్చి అమ్మకు చెబుతుంది, వాదన తెగిపోతుంది. నిజం చెప్పాలంటే పిల్ల తినడం ఎంత కావాలో, అమ్మ ఓడిపోవడం కూడా అంతే కావాలి నాకు.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. పాపకు మూడు రోజులుగా జ్వరం, ఛాతీలో గురగుర. మేడ్చల్‌లో మందులు రాయించుకుని వాడుతున్నాం. జ్వరం తగ్గిన పొద్దున సారు కారులోనే శైలజనూ పాపనూ తీసుకెళ్లాను.

మేడం సంతోషంగా హాల్లో చాప పరిపించింది. బాబునూ మన్వితనూ పక్కపక్కన కూర్చోబెట్టింది. నేను అలవాటుగా దిండ్ల కోసం చూశాను. బాబుకు దిండు అక్కర్లేదు. వాడు నిటారుగా కూర్చుని, చప్పట్లు కొట్టి, తన ప్లేట్లో ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది పారేసి మన్విత ప్లేట్లో ముక్క లాక్కున్నాడు. ఆ ముక్కతోనే దాని చేతి మీద కొట్టాడు. మన్విత వాడి వైపు తిరగలేదు. చేతులు బిగుసుకుని గుండెల దగ్గరే ఉన్నాయి, బొటనవేళ్లు లోపలికి మడిచే ఉన్నాయి. తల మెల్లగా ముందుకు వాలి, గడ్డం ఎదకు ఆనుకుంది. శైలజ గబుక్కున పట్టుకుంది.

మేడం నవ్వు ఆగిపోయింది. బాబు చేతిలోంచి ముక్క తీసి పక్కన పెట్టింది.

"సాయినాథ్, పాప ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"ఎట్లున్నది మేడం?" అన్నాను నేను.

ఆ ప్రశ్న నా నోట్లోంచి వస్తుండగానే నాకు కనబడింది. ఎనిమిది నెలలుగా ఇద్దరినీ రోజూ చూస్తున్నాను. వాణ్ణి అక్కడ, దీన్ని ఇక్కడ. ఒక్క చాప మీద ఎప్పుడూ చూడలేదు. మేడం తనకు తెలిసిన పిల్లల డాక్టర్‌కు అప్పటికప్పుడే ఫోన్ చేసింది.

మర్నాడు సిటీలో ఆయన దగ్గరికి వెళ్లాం. అమ్మ కూడా వచ్చింది, వద్దన్నా వినలేదు. డాక్టర్ పాపను అటూ ఇటూ తిప్పాడు, కళ్ల ముందు లైటు ఆడించాడు, కాళ్లు వంచి చూశాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"వస్తువులు పట్టుకుంటుందా? ఎప్పుడైనా చెయ్యి చాపి ఏదైనా తీసుకుందా?"

"తీసుకుంది సార్. వల పట్టింది," అంది శైలజ ఆశగా.

"వలా?"

ఆమె నా వైపు చూసింది, చెప్పమన్నట్టు. నేను చెప్పబోయి ఆగిపోయాను. చప్పట్ల మధ్య నేను చూడనిది ఇప్పుడు చూశాను. పిల్ల వలను పట్టలేదు. వలే పిల్ల వేలిని పట్టుకుంది. చేపకు వల పడితే చేపే వలను పట్టిందని ఎవడైనా అంటాడా? ముప్పై ఏళ్లుగా వలలు వేస్తున్న మా నాయిన అన్నాడు. నేను అవునన్నాను.

"పట్టలేదు సార్," అన్నాను. శైలజ తల దించుకుంది.

"తినేటప్పుడు దగ్గు వస్తుందా?"

"ఎవలన్న తలుసుకున్నప్పుడు పొలమారుతది సారూ. లేకుంటె ఏం లేదు," అంది అమ్మ.

"రోజుకు ఎన్నిసార్లు?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. ఒక చేతి వేళ్లు అయిపోయాయి, రెండో చెయ్యి ఎత్తి, దాన్ని మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

డాక్టర్ మంచివాడే, కసురుకోలేదు. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదని చెప్పాడు. మెడకూ చేతులకూ గొంతుకూ మెదడు చెప్పే మాట చేరడం లేదన్నాడు. మింగినప్పుడల్లా కొంత ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఆ జ్వరాలు అందుకే. ముక్కలు పెట్టకూడదు, గిన్నెతో పోయకూడదు. కొన్నాళ్లు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాలి, ఆ తర్వాత పొట్టకే గొట్టం వేయాల్సి రావచ్చు. మెడా చేతులూ బిగుసుకుపోకుండా వ్యాయామాలు చేయిస్తారు. అంతకుమించి ఆశలు పెట్టుకోవద్దన్నాడు.

"దాని చేత్తోని అది ఎప్పుడు తింటది సార్?" అని శైలజ అడిగింది. ఆయన చీటీ మీద ఏదో రాస్తూ ఉండిపోయాడు.

"మేం పెట్టిన తిండి వల్లనా సార్?" అన్నాను నేను. "ముక్కలు పెట్టినందుకా, జావ పోసినందుకా?"

"కాదు. పుట్టినప్పుడే జరిగిపోయింది. దగ్గూ జ్వరం తిండి వల్ల వచ్చాయి. ఈ జబ్బు మాత్రం మీలో ఎవరి తప్పూ కాదు."

తప్పు మాది కాదంటే ఊరట కలగాలి కదా. నాకు కలగలేదు. తప్పు మాదైతే దిద్దుకునే వీలుండేది. ముక్కలు మానేసి జావ పోసేవాళ్లం, జావ మానేసి ముక్కలు పెట్టేవాళ్లం, చెంపలు వేసుకునేవాళ్లం. రెండు నెలలు మేం గొంతులు చించుకున్న వాదనలో రెండు పక్షాలూ ఓడిపోయాయి. ఆ వాదన జరుగుతున్నంతకాలం ఇంట్లో ఒక ఆశ ఉండేదని, ఎలా పెట్టాలన్నది తేలితే పిల్ల తింటుందన్న ఆశ అని, నాకు అప్పుడు అర్థమైంది.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాం. మన్విత ముక్కుకు సన్నటి గొట్టం, అది ఊడిపోకుండా బుగ్గ మీద తెల్ల టేపు. శైలజ నర్సుల దగ్గర పని నేర్చుకుంది. సిరంజీని పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగిపోతాయి. పిల్లకు నోరు తెరిచే పని కూడా లేదు. షహజాదమ్మ వచ్చి పాప పక్కన కూర్చుని వెళ్లింది. నేను చెప్పాను కదా అన్న మాట ఆమె నోటి వెంట రాలేదు. అన్నా బాగుండేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అమ్మ ఉగ్గుగిన్నె తోమి అటక మీద పెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. శైలజ పాలు పట్టడం అయిపోయి బట్టలు ఉతకడానికి వెళ్లింది. అమ్మ వంటింట్లోంచి ప్లేటు పట్టుకుని వచ్చింది. అందులో ఉడికించిన గాజరగడ్డ ముక్కలు, నేను ఎలా కోసేవాణ్ణో అలాగే, సరిగ్గా వేలంత కోసి ఉన్నాయి. మన్వితను ఎత్తి, చుట్టూ దిండ్లు సర్ది కూర్చోబెట్టింది. ప్లేటు దాని ముందు పెట్టింది.

"అమ్మా, ఏంది గిది?"

"నువ్వే గెలిసినవ్ రా సాయిగా. నీదే నిజం. నేనే నీ ఎనుకాల గిన్నెతోని పోసి పోసి దాన్ని చెడగొట్టిన. నోట్లె వొయ్యంగ వొయ్యంగ దానికి చెయ్యి చాపుడే తెల్వకపాయె. ఇగ నేను అడ్డం రాను. అదే తింటది."

"డాక్టర్ ఏం జెప్పిండు? నువ్వు గూడ విన్నవ్ గదమ్మా. నాది నిజం గాదు. నేను తప్పు జెప్పిన."

"నువ్వెందుకు తప్పు జెప్తవ్? గా మేడం కొడుకు తింటలేడా? ఆగాలె, గంతే. మనం ఆగలేదు. నేను ఆగలేదు."

"అమ్మా, దానికి చెయ్యి రాదే. ఎంతసేపు ఆగినా..."

"ఎంతసేపు ఆగినా?" అమ్మ నా మొహంలోకి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు, కోపం ఉంది. "ఎంతసేపు ఆగినా ఏంది? దాని చేత్తోని అది ఎన్నడు తినదంటవా? గట్లయితె జెప్పు. నీ బిడ్డ గురించి నీ నోటితోని జెప్పు, వింట."

ఆ ఒక్క మాట చెబితే వాదన నాదే. జీవితంలో ఏ వాదనా నాకు అంత తేలిగ్గా చేతికి రాలేదు. నేను నోరు తెరిచాను. మన్విత గడ్డం ఎద మీద ఆన్చి, చొంగ కారుస్తూ, గొట్టం పక్కనుంచి గురగురమని ఊపిరి తీస్తోంది.

"తింటదమ్మా," అన్నాను. "నువ్వన్నదే నిజం."

అమ్మ తల ఊపి, చేతులు ఒళ్లో పెట్టుకుని దాని ఎదురుగా కూర్చుంది. నేను ఆమె పక్కన కూలబడి, ప్లేటును మన్విత పిడికిలికి ఇంకొంచెం దగ్గరగా జరిపాను.